ఏకగ్రీవమైతే ఊరికి మంచిదేనా?

పంచాయతీ ఎన్నికలు దగ్గర పడగానే వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది: “ఏకగ్రీవం చేసుకోండి. ప్రభుత్వం నజరానా ఇస్తుంది, ఖర్చు మిగులుతుంది, ఊరంతా ఒక్కటవుతుంది, గొడవలుండవు.” పంపేవాళ్లలో చాలామంది ఊరి మంచి కోరే పంపుతారు. కానీ ఇందులో ఒక్క మాటా నిలవదు.

నజరానా సంగతి ముందు చూద్దాం. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఏకగ్రీవ పంచాయతీలకు జనాభా 2,000 లోపైతే 5 లక్షలు, 10,000 దాటితే 20 లక్షలు ప్రకటించింది. అది ఒక్కసారి వచ్చే సొమ్ము. ఏటా రావాల్సిన ఆర్థిక సంఘం నిధులకు ఎన్నికైన పాలకవర్గం ఉండాలి, అంతేగానీ పోటీ జరిగిందా లేదా అన్నదానితో పని లేదు.

“ఖర్చు మిగులుతుంది” అంటారు. పోటీలో మందూ డబ్బూ పారుతున్నాయి, నిజమే. అయితే ఏకగ్రీవం పేరుతో చాలాచోట్ల జరిగేది వేలంపాట. గుడికి ఎవరు ఎక్కువిస్తే వాళ్లే సర్పంచ్, మిగతావాళ్లు నామినేషన్ వెనక్కి తీసుకోవాలి. ఇలా వేలం వేశారనే 2021 జనవరిలో మహారాష్ట్ర ఎన్నికల సంఘం నాసిక్ జిల్లా ఉమ్రాణే పంచాయతీ ఎన్నికను రద్దు చేసింది. పాటలో పెట్టిన డబ్బును సిమెంటు రోడ్డు బిల్లుల్లోనో, ఇళ్ల అనుమతుల దగ్గరో రాబట్టుకోకుండా ఎవరుంటారు?

ఇక “ఊరంతా ఒక్కటి” అన్న మాట. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. ఉపసంహరణ గడువుకు ముందు రాత్రి రచ్చబండ దగ్గర ఏం జరుగుతుందో చూడండి. కుర్చీల్లో నలుగురు పెద్దమనుషులు, చుట్టూ నిలబడి మిగతావాళ్లు. “ఎవరికైనా అభ్యంతరమా?” అని అడుగుతారు. అడిగినాయన పొలమే కౌలుకు చేస్తున్నవాడు, ఆయన దగ్గరే అప్పున్నవాడు నోరెలా విప్పుతాడు? అదే మనిషి అట్ట చాటున బ్యాలెట్ మీద ముద్ర వేస్తే ఎవరికీ తెలియదు. రహస్య ఓటు పెట్టిందే అలాంటివాళ్ల కోసం. ఒక్క నామినేషనే మిగిలితే పోలింగే ఉండదు, కాబట్టి నోటా కూడా ఉండదు.

ఆ రాత్రి అక్కడ ఆడవాళ్లు ఎంతమంది ఉంటారు? రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సగం స్థానాలు వాళ్లవే. అయినా “ఫలానావాళ్ల కోడలిని పెడదాం” అని మగవాళ్లే తేల్చేస్తారు. ఎస్సీ రిజర్వుడు సీటైతే “మన మాట వినేవాడు” కావాలంటారు.

గొడవల భయం ఉంటే బందోబస్తు పెంచమని అడగాలి. ఎన్నికే వద్దనుకుంటే పోయేది ప్రశ్న. తెలంగాణ 2018 చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. అక్కడ లేచి “వీధిదీపాల లెక్క చూపించండి” అని అడిగేది తరచుగా ఓడిన అభ్యర్థో, అతని మనుషులో. అందరినీ ముందే కూర్చోబెట్టి ఒప్పించిన ఊళ్లో ఆ లెక్క ఎవరడుగుతారు?

నిజంగానే ఇంకెవరికీ పోటీ చేయాలని లేకపోతే సరే, తప్పేం లేదు. కానీ మీ ఊళ్లో ఎవరినైనా బెదిరించో, కొనేసో విత్‌డ్రా చేయిస్తుంటే మాత్రం ఆ మెసేజ్ ఫార్వర్డ్ చేయకండి. జిల్లా కలెక్టర్‌కూ రాష్ట్ర ఎన్నికల సంఘానికీ రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి.