దొంగ మెయిళ్లకు వ్యాకరణం వచ్చేసింది

విలువలు పడిపోతున్నాయని పెద్దలు వాపోతుంటే చాదస్తం అనుకునేవాళ్లం. ఇన్‌బాక్స్ తెరిచాక నిజమేననిపిస్తోంది. ఒకప్పటి దొంగ మెయిల్‌లో ఎంత నిజాయితీ! 'ప్రియమైన కస్టమరు, మీ ఖాతా మూయబడబోవును, దయతో పాస్‌వర్డ్ ఇవ్వుము' అని వచ్చేది. అయ్యా, నేను దొంగను అని మొదటి వాక్యంలోనే పరిచయం చేసుకునేది. మనం నవ్వుకుని డిలీట్ చేసేవాళ్లం. ఎవరి గౌరవం వారికి దక్కేది.

కోట్ల ఆస్తి మన పేర రాసేస్తామంటూ మెయిళ్లు పంపే రాజకుమారుల కథలు అంత అతకనట్టు ఎందుకుంటాయో మైక్రోసాఫ్ట్ పరిశోధకుడు కార్మాక్ హెర్లీ 2012లో వివరించాడు. తెలివైనవాళ్లు మొదట్లోనే తప్పుకుంటే, మిగిలిన అమాయకుల మీదే దొంగ తన సమయం వెచ్చించవచ్చట. అంటే అదొక ప్రవేశ పరీక్ష. ఫెయిలైనవాళ్లకే సీటు.

ఇప్పుడా పరీక్ష ఎత్తేశారు. ఏఐ పుణ్యమా అని దొంగలు మన మేనేజర్ కంటే చక్కగా రాస్తున్నారు. అచ్చుతప్పు ఒక్కటీ లేకుండా మేనేజర్ పేరుతో మెయిల్ వచ్చిందంటే, ముందు అనుమానించాల్సింది దాన్నే.

ఉత్తరం ఎంత బాగున్నా సరే, చూడాల్సింది పంపినవాడి అడ్రసు. పైన కనిపించే బ్యాంకు పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. దాని మీద నొక్కి అసలు అడ్రసు చూస్తే, ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు. ఇంగ్లిష్ ఆర్, ఎన్ అక్షరాలను పక్కపక్కన కూర్చోబెట్టి ఎమ్ అనిపించే కళాకారులున్నారు. లింకుల్లోనూ ఇదే పనితనం. 'మీబ్యాంక్ డాట్ కామ్ డాట్ అప్‌డేట్-ఇప్పుడే డాట్ టాప్' అని ఉంటే మనం మొదటి ముక్క చూసి మురిసిపోతాం. అసలు ఓనరు చివర్న, https:// తర్వాత వచ్చే మొదటి స్లాష్‌కు (/) ముందు నక్కి ఉంటాడు. అడ్రసు పక్కన తాళం బొమ్మ ఉందిగా అంటారా? దారిలో మూడోవాడు తొంగిచూడడని మాత్రమే దాని హామీ. దొంగకూ మీకూ మధ్య ఏకాంతానికి భంగం కలగదు.

మరీ ఇంత అనుమానం పనికిరాదనే ఉదార హృదయులూ ఉంటారు. ఆర్‌ఎస్‌ఏ అనే కంపెనీ వ్యాపారమే కంప్యూటర్ భద్రత. 2011లో అక్కడి ఉద్యోగులకు '2011 రిక్రూట్‌మెంట్ ప్లాన్' అంటూ ఓ ఎక్సెల్ ఫైలు వచ్చింది. ఫిల్టర్ దాన్ని జంక్‌లో పడేసింది. ఒక ఉద్యోగి పనిగట్టుకుని వెళ్లి, దాన్ని బయటికి తీసి మరీ తెరిచారు. యంత్రం గెంటేసిన దొంగను మనిషి సాదరంగా లోపలికి తీసుకొచ్చాడన్నమాట. వచ్చిన అతిథులు, లాగిన్‌కు అంకెల కోడ్ ఇచ్చే సెక్యూర్‌ఐడీ టోకెన్ల సమాచారం పట్టుకుపోయారు. ఇక 2013, 2015 మధ్య గూగుల్, ఫేస్‌బుక్‌ల నుంచే దొంగ బిల్లులతో 10 కోట్ల డాలర్లకు పైగా రాబట్టిన ఘనుడున్నాడు. అడిగాడు, ఇచ్చారు.

నిజానికి దొంగల కంటే దొరలతోనే తంటా. అసలైన కంపెనీలు కూడా 'అర్జంట్', 'ఈరోజే ఆఖరు', 'ఇక్కడ నొక్కండి' అని ఎర్రక్షరాల్లో, ఎప్పుడూ వినని డొమైన్ల (వెబ్ అడ్రసుల) నుంచి పంపుతాయి. అడుగున 'అనుమానాస్పద లింకులు నొక్కకండి. మరిన్ని జాగ్రత్తలకు ఈ లింకు నొక్కండి' అని హితబోధ. అందుకే దొంగదైనా దొరదైనా లింకు జోలికి పోకుండా, యాప్ మనమే తెరిచి చూసుకోవడం మేలు. పాస్‌వర్డ్‌లు దాచిపెట్టి, మన బదులు నింపే పాస్‌వర్డ్ మేనేజర్ యాప్ ఉంటే ఇంకా నయం. సైటు ఎంత అచ్చుగుద్దినట్టున్నా, అడ్రసులో ఒక్క అక్షరం తేడా ఉంటే అది పాస్‌వర్డ్ నింపదు. దానికి మొహమాటం లేదు.

ఆఫీసుల్లో అయితే ఐటీవాళ్లే పరీక్ష కోసం ఉత్తుత్తి ఫిషింగ్ మెయిల్ (ఎర వేసే దొంగ మెయిల్) పంపి, నొక్కినవాళ్లకు ఆన్‌లైన్ శిక్షణ వేస్తారు. ఆ శిక్షణ లింకూ మెయిల్‌లోనే వస్తుంది, బయటి డొమైన్ నుంచి, గడువు బెదిరింపుతో సహా. దాన్ని అనుమానించి జంక్‌లో వేసినవాడికి పాఠం పూర్తిగా ఒంటబట్టినట్టే. హెచ్‌ఆర్ రికార్డుల్లో మాత్రం వాడు ఫెయిల్.