బతికుండగానే సంతాపం

మా ల్యాబ్‌లో కొత్త కాలమ్‌కి జరిగే మర్యాద నాకు ఏనాడూ జరగలేదు. కాలమ్ అంటే ద్రవంలో కలిసిపోయిన పదార్థాల్ని విడదీసే గొట్టం. దానికో పెట్టె, లోపల మెత్తటి పరుపు, పక్కనే టెస్ట్ సర్టిఫికెట్. 250 మిల్లీమీటర్ల పొడవు, 4.6 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం, నిండా 5 మైక్రాన్ల సిలికా రేణువులు. ప్లేట్ల సంఖ్య 18 వేల పైచిలుకు అని సర్టిఫికెట్ చెబుతోంది. లోపల నిజంగా ప్లేట్లేమీ ఉండవు లెండి. విడివడి బయటికొచ్చే ఒక్కో పదార్థానికి గ్రాఫులో లేచే శిఖరం, అంటే పీక్, ఎంత సన్నగా వస్తుందో చెప్పే లెక్క అది. ఎంత సన్నగా ఉంటే సంఖ్య అంత పెద్దది.

ఆ రోజు ఫాస్ఫేట్ ఉప్పు కలిపిన బఫర్ ద్రావణంతో రన్ ముగిసేసరికి సాయంత్రం ఆరయింది. పద్ధతి ప్రకారం పది శాతం అసిటోనైట్రైల్ అనే ద్రావకం కలిపిన నీళ్ళు గంటసేపు పంపి ముందు ఉప్పంతా కడిగేయాలి. తర్వాతే అసిటోనైట్రైల్ పాళ్ళు పెంచి కాలమ్‌ని నిద్రపుచ్చాలి. ఆ గంట నాకు బరువైపోయింది. ఎలాగూ కడగడమే కదా అని నేరుగా నూరు శాతం అసిటోనైట్రైల్ పెట్టేశాను. నీళ్ళలో హాయిగా కరిగి ఉండే ఫాస్ఫేట్‌కి అసిటోనైట్రైల్ పొడ గిట్టదు, ఉన్నచోటే గడ్డకట్టి కూర్చుంటుంది. 110 బార్ దగ్గర ఉండాల్సిన ప్రెషర్ 180 అయింది, 240 అయింది. నేను బ్యాగు జిప్పు లాగుతుండగా 350 తాకింది. పంపు ఆగిపోయింది. బ్యాగు దింపాను.

అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అంటారు కదా. సీనియర్ల చేతిలో పోయిన కాలమ్‌లన్నీ ఆయుష్షు తీరి పోయినవే. నా చేతిలో పోయింది మాత్రం నాలుగు వారాల పసిది.

మర్నాడు పొద్దున్నే వచ్చి కాలమ్‌ని తిరగేసి బిగించాను. బయటికొచ్చే చెత్త డిటెక్టర్‌లోకి పోకుండా అటు చివర బీకరు పెట్టి, నిమిషానికి 0.2 మిల్లీలీటర్ల చొప్పున నీళ్ళు పంపాను. అందులోనూ కాస్త అసిటోనైట్రైల్ కలిపాను, ఉత్త నీళ్ళయితే సిలికా మీదుండే సి18 అనే జిడ్డులాంటి పూత సరిగ్గా తడవదు. ఆ చుక్కల్ని చూస్తూ కూర్చుంటే సెలైన్ ఎక్కించినట్టే ఉంది. మధ్యాహ్నానికి ప్రెషర్ 110 కి దిగింది. మళ్ళీ, ద్రవం ఎటు పారాలో చూపే లేబుల్ మీది బాణం గుర్తు ప్రకారం సరిగ్గా తిప్పి బిగించి, కాలమ్ పనితీరు పరీక్షించే టెస్ట్ మిక్స్ ఎక్కించాను: యురాసిల్, టోలుయిన్, నాఫ్తలీన్.

ప్లేట్లు ఆరు వేలు! అన్నిటికంటే ముందు బయటికొచ్చే యురాసిల్ పీక్ మరీ ఘోరం, తోక ఈడ్చుకుంటూ వచ్చింది. ఇంకోసారి ఎక్కించాను, అదే తోక. ఇక చేసేదేముంది? మేడమ్ దగ్గరికెళ్ళి నేరం మొత్తం ఒప్పుకున్నాను. ఆవిడ ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేది. తిరిగొచ్చి మార్కర్‌తో కాలమ్ లేబుల్ మీద ‘పోయింది, వాడొద్దు’ అని పెద్దక్షరాలతో రాసి, లాగ్‌బుక్‌లో సంతాప సందేశంలాంటిది మూడు లైన్లు రాశాను.

అప్పుడు మా జూనియర్ వచ్చి కాలమ్ మొదట్లో ఉన్న ట్యూబును రెండు వేళ్ళతో కదిపాడు. అది కదిలింది!

“అన్నా, ట్యూబు అడుగు దాకా తొయ్యకుండానే నట్టు బిగించేసినట్టున్నావు.”

అంటే ట్యూబు కొసకీ కాలమ్ మొదలుకీ మధ్య ఖాళీ మిగిలింది. శాంపిల్ అక్కడ సుడి తిరిగి, వెడల్పై, ఆ తర్వాత తీరిగ్గా లోపలికెళుతోంది. ముందొచ్చే పీకులు సన్నగా ఉంటాయి కాబట్టి వాటికే దెబ్బ ఎక్కువ. తోక యురాసిల్‌ది కాదు, నాది. ట్యూబు లోపలికి నొక్కి పట్టుకుని నట్టు బిగించి మళ్ళీ ఎక్కించాడు. 17 వేల చిల్లర!

ఆనందం పట్టలేక కాలమ్ విప్పి బల్ల మీద పెట్టాను. మేడమ్ చూడకముందే ఆ రాతలు చెరిపేయాలని అసిటోన్‌లో ముంచిన గుడ్డతో లేబుల్ గట్టిగా రుద్దాను. శుభ్రంగా పోయాయి.

మేడమ్ వచ్చి ప్లేట్లు చూసి, మొదటిసారి నవ్వి, కాలమ్ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పారు.

“దీని మీద బాణం ఉండాలి కదా, ఏదీ?”