వినతిపత్రం మీద పదకొండు చేతులు

మా విజయవాడ ఎడిషన్ పేపర్లలో నెలకోసారైనా ఆ ఫొటో పడుతుంది, మీరూ చూసే ఉంటారు. మధ్యలో మంత్రిగారు. భుజాల మీద కొత్త శాలువా, అందుకున్న బొకే అప్పుడే పీఏ చేతిలోకి వెళ్లిపోతూ ఉంటుంది. ఎదురుగా రాష్ట్రస్థాయి పరిశ్రమాధిపతుల సంఘం: అధ్యక్షుడు, ఉపాధ్యక్షులు, మాజీ అధ్యక్షుడు, కాబోయే అధ్యక్షుడు. నడుమ స్పైరల్ బైండింగ్ చేసిన వినతిపత్రం ఒకటి, దాని మీద పదకొండు చేతులు. మొన్నటి ఫొటోలో లెక్కపెట్టాను. కాగితం అందనాయన అందినాయన మోచెయ్యి పట్టుకున్నాడు, సత్యనారాయణ వ్రతంలో పీటల మీద కూర్చున్నవాళ్లని వెనకనుంచి ముట్టుకుంటే పుణ్యం మనకీ వస్తుందని ముట్టుకుంటాం చూడండి, అచ్చం అలాగే. పన్నెండో ఆయన మరీ వెనకపడ్డాడు, పాపం, బట్టతల మాత్రం పడింది. రెండొందల గ్రాముల పుస్తకం అది. ఇంతమంది పట్టుకుంటే తప్ప లేవనంత బరువు అందులో ఏముంటుందా అని నాకు చాలాకాలం అనుమానం.

ఏముంటుందో తర్వాత తెలిసింది లెండి. మనమే ఉంటాం.

2025 జూన్‌లో మన మంత్రివర్గం ఫ్యాక్టరీల చట్టానికి సవరణలు ఆమోదించింది, సెప్టెంబర్‌లో అసెంబ్లీ సరే అంది. రోజుకి తొమ్మిది గంటలన్న పరిమితి పది అయింది. అయిదు గంటల పని తర్వాత ఇవ్వాల్సిన విరామం ఆరు గంటలకి జరిగింది. మూడు నెలలకి 75 గంటలు దాటకూడదన్న ఓవర్‌టైం 144 దాకా పోవచ్చన్నారు. పెట్టుబడులు రావాలంటే తప్పదట. వారానికి 48 గంటల హద్దు మాత్రం ముట్టుకోలేదని గొప్పగా చెబుతారు, నిజమే. ఆ 144ని 48తో భాగించి చూడండి, సరిగ్గా మూడు వస్తుంది. అంటే మూడు నెలల్లో ఇంకో మూడు వారాల పని ఇరికించొచ్చు, క్యాలెండర్‌లో ఒక్క రోజు కూడా పెంచకుండా! ఓవర్‌టైంకి రెట్టింపు కూలి ఇస్తాంగా అంటారు. ఇస్తున్నారో లేదో చూడాల్సిన ఇన్‌స్పెక్టరు ఫ్యాక్టరీకి రాకూడదన్నది అదే పుస్తకంలో ఇంకో పేజీ.

ఇలాంటివి ఊరికే జరగవు, ముందు విస్తృత సంప్రదింపులు జరుగుతాయి. బందరు రోడ్డులో పెద్ద హోటల్లో జరుగుతాయి. ఒకసారి ప్రెస్ వాళ్ల వరసలో నేనూ కూర్చున్నాను, అంశం కార్మికుల ఉత్పాదకత. పదిన్నరకి మొదలవ్వాల్సింది ముఖ్య అతిథి కోసం పదకొండుంబావు దాకా ఆగింది. జ్యోతి ప్రజ్వలన. ఏసీ గాలికి ఒత్తి ఆరిపోతుంటే ఇద్దరు ఉపాధ్యక్షులు కోటు అంచులు అడ్డం పెట్టారు, మేనేజింగ్ డైరెక్టర్ స్థాయి మనిషి ఒంగి మళ్లీ మళ్లీ అగ్గిపుల్ల గీశాడు, చివరికి హోటల్ కుర్రాడొచ్చి ఏసీ ఆపాడు. ఆ రోజు హాల్లో జరిగిన ఉత్పత్తి అదొక్కటే. తర్వాత వేదిక మీదకి ఆహ్వానాలు, ఒక్కొక్కరికీ శాలువా, మెమెంటో, ఫొటో. పన్నెండింటికి టీ, సమోసా, జీడిపప్పు బిస్కెట్లు. పన్నెండున్నరకి అసలు ప్రసంగం: వియత్నాంలో కార్మికుడు ఎలా పనిచేస్తాడు, మనవాడు ఎలా టీ తాగుతాడు. ఒంటిగంటకి లంచ్. గోంగూర మటన్, రొయ్యల వేపుడు, ఉలవచారు, ఓ మూల వేడివేడి దోసెల పెనం, దాని ముందు పెద్ద క్యూ. ఆ క్యూలో నా ముందున్న పెద్దమనిషి వెనక్కి తిరిగి, "మనవాళ్లకి బ్రేకులు ఎక్కువండీ, అదే అసలు రోగం" అన్నాడు. ఆయన ప్లేట్లో అప్పటికి మూడు రకాల స్వీట్లున్నాయి. భోజనాల తర్వాత సగం కుర్చీలు ఖాళీ, మిగతా సగంలో కునుకు, నాలుగింటికి మళ్లీ టీ, నాలుగున్నరకి తీర్మానం. పని గంటలు చాలడం లేదు. ఏకగ్రీవం!

హాల్లో కార్మికుడే లేడంటే అన్యాయం, దోసెలు పోసినతను ఉన్నాడు. వచ్చినప్పటినుంచీ నిలబడే ఉన్నాడు. చట్నీ గురించి తప్ప అతన్ని ఎవరూ సంప్రదించలేదు.

సరే, ఆ ఆరో గంట ఎవరి నెత్తిన పడుతుందో చూద్దాం. చిలకలూరిపేట, గణపవరం వైపు స్పిన్నింగ్ మిల్లులున్నాయి. నూలు వడికే యంత్రాలు, రింగ్ ఫ్రేములంటారు, వాటి దగ్గర ఆడవాళ్లు, తెగిన దారం అతుక్కుంటూ ఆ చివర నుంచి ఈ చివరకి నడవడమే పని, కూర్చోవడానికి లేదు. నూలు తెగకుండా లోపల తేమ పెడతారు, మే నెలలో ఆ ఉక్క చెప్పనలవి కాదు. కనుబొమ్మల మీద దూది నుసి, షిఫ్టు దిగి ఇంటికొచ్చాక కూడా చెవుల్లో హోరు. నెలసరి రోజుల్లో ఒక్క నిమిషం బాత్రూంకి వెళ్లొస్తానంటే సూపర్‌వైజరు గడియారం వంక చూస్తాడు. అలాంటి చోట అయిదుని ఆరు చెయ్యడానికి మీకు చెయ్యెలా వచ్చిందయ్యా? రాత్రి షిఫ్టుకి ఆడవాళ్ల సమ్మతి ఉండాలని రాశాంగా అంటారు. సమ్మతట! నెల జీతం తన గుప్పిట్లో పెట్టుకున్నవాడు కాగితం ముందుకి తోసి సంతకం పెట్టమంటే పెట్టక ఏం చేస్తుంది, మీ సంఘంలో మెంబర్‌షిప్ తీసుకుంటుందా? ఇక తనిఖీలు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో, ఒక ఫార్మా కంపెనీలో పేలుడుకి 17 మంది పోయారు. పొద్దున డ్యూటీకని ఇంట్లో చెప్పి వెళ్లిన మనుషులు. అది జరిగాక కూడా ఇన్‌స్పెక్టర్లు వేధిస్తున్నారు, మాకు మేమే సర్టిఫికెట్ ఇచ్చుకుంటాం అని అడగడానికి నోరెలా వస్తుంది? సిగ్గుండాలి.

ఈజ్ ఆఫ్ డూయింగ్ బిజినెస్ పాతబడిపోయి మన రాష్ట్రంలో ఇప్పుడు స్పీడ్ ఆఫ్ డూయింగ్ బిజినెస్ నడుస్తోంది కదా. స్పీడు నిజమే, జూన్‌లో కేబినెట్, సెప్టెంబర్‌లో అసెంబ్లీ. కనీస వేతనాల్ని అయిదేళ్లకోసారైనా సమీక్షించాలని 1948 నాటి చట్టమే చెప్పింది, ఆ ఫైలుకి మాత్రం ఈ స్పీడు అంటలేదు. యూనియన్ల వాళ్లు అలంకార్ సెంటర్ ధర్నాచౌక్‌లో టెంటు వేసుకుని అదే అడుగుతుంటారు. వాళ్ల దగ్గర శాలువాలుండవు, స్పైరల్ బైండింగులుండవు. రెండు తెల్లకాగితాలు పట్టుకుని సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్ క్యూలో నిలబడితే ఒక రసీదు ఇస్తారు, కొన్నాళ్లకి ఫోనుకి మెసేజ్ వస్తుంది, మీ సమస్య పరిష్కరించబడింది అని.

ఇప్పుడు సంఘం వారికి కొత్త బెంగ పట్టుకుంది. స్థానిక యువత పనికి రావడం లేదట, ఒడిశా నుంచీ బీహార్ నుంచీ తెచ్చుకోవాల్సి వస్తోందట, ఎందుకు రావడం లేదో తేల్చడానికి ఒక సబ్‌కమిటీ వేశారట. సబ్‌కమిటీ ఎందుకండీ అధ్యక్షులవారూ, మీ అబ్బాయి డల్లాస్‌లో వారానికి నలభై గంటలేగా చేస్తున్నాడు, పిలిపించండి. గణపవరంలో నైట్ షిఫ్టుకి మనుషులు కావాలి. రాత్రి తొమ్మిదింటికి చుట్టుగుంట సెంటర్లో నిలబడితే మిల్లు వ్యాను వచ్చి ఎక్కించుకుంటుంది.