భూటాన్‌ను వెక్కిరించే ముందు

"అంత ఆనందంగా ఉండే దేశమైతే జనం ఎందుకు వెళ్లిపోతున్నారు?" అని, భూటాన్ నుంచి జనం ఆస్ట్రేలియాకు వలస వెళ్లడం గురించి వచ్చిన వ్యాసంలో ఆ దేశాన్ని ఎద్దేవా చేశారు. జనం ఆనందమే ప్రగతికి కొలమానం అని చెప్పుకునే దేశం కదా, అందుకే ఆ వెక్కిరింపు. కొంచెం తొందరపడ్డారు అనిపించింది.

ఆ దేశ జనాభా 8 లక్షల లోపే. విశాఖలో సగం కూడా లేదు. మన దగ్గర వంద మంది నర్సులు విదేశాలకు వెళ్తే పేపర్లో వార్త కూడా రాదు, అక్కడ వంద మంది వెళ్తే ఆసుపత్రుల్లో డ్యూటీలు వేయడమే కష్టం. పోనీ జీతాలు పట్టించుకోలేదా అంటే, 2019లోనే టీచర్లకు, వైద్య సిబ్బందికి ప్రభుత్వోద్యోగుల్లో అందరికన్నా ఎక్కువ జీతాలు ఇవ్వాలని నిర్ణయించారు. ఆ తర్వాత కోవిడ్. 2020 మార్చి నుంచి 2022 సెప్టెంబర్ దాకా పర్యాటకులు లేరు. తలుపులు తెరిచేసరికి ఆస్ట్రేలియా పిలుస్తోంది: ఒకరు స్టూడెంట్ వీసా మీద చదువుకుంటే, భార్యో భర్తో పక్కన పని చేసుకోవచ్చు. పెర్త్‌లో ఉన్న మా తమ్ముడి పక్కింటివాళ్లు భూటాన్ వాళ్లే. ఆయన భూటాన్‌లో లెక్కల టీచరట, పెర్త్‌లో వృద్ధాశ్రమంలో రాత్రి డ్యూటీ. (మనవాళ్లు చేసేదీ అదేగా!)

రాజుగారు చేతులు కట్టుకుని కూర్చోలేదు. 2023 డిసెంబర్‌లో అస్సాం సరిహద్దు దగ్గర గెలెఫూలో కొత్త నగరం కడతామన్నారు, 2024 అక్టోబర్‌లో స్వయంగా ఆస్ట్రేలియా వెళ్లి అక్కడి తమ ప్రజలను కలిశారు. వ్యాసంలో ఈ రెండింటి ఊసే లేదేమండీ?