సవరణ: బ్యాక్‌గ్రౌండ్ బొమ్మ దారిని ఎక్కడి నుంచి లెక్కించాలి?

బ్యాక్‌గ్రౌండ్ బొమ్మ రాకపోతే దాని దారిని, అంటే ఆ ఫైలు ఏ ఫోల్డర్‌లో ఉందో చెప్పే చిరునామాను, వెబ్ పేజీ ఉన్న ఫోల్డర్ నుంచి లెక్కించి చూడాలని మునుపటి వ్యాసంలో ఉంది. పేజీ రూపాన్ని నిర్ణయించే స్టైల్ (సీఎస్ఎస్) నియమాలను పేజీలోనే రాసినప్పుడు మాత్రమే అది సరిపోతుంది. నియమాలు విడి సీఎస్ఎస్ ఫైలులో ఉంటే బ్రౌజర్ ఆ ఫైలు ఉన్న చోటి నుంచే దారిని లెక్కిస్తుంది. పేజీ ఎక్కడున్నా దానితో పని లేదు.

స్టైల్ ఫైలు ‘సీఎస్ఎస్’ ఫోల్డర్‌లో, బొమ్మలు దాని పక్కనున్న ‘ఇమేజెస్’ ఫోల్డర్‌లో ఉన్నాయనుకోండి. దారి మొదట్లో రెండు చుక్కలు, ఒక ఏటవాలు గీత (../) పెట్టి పై ఫోల్డర్‌కు వెళ్లాకే ‘ఇమేజెస్’ అని రాయాలి. ఆ చుక్కలు లేకపోతే బ్రౌజర్ ‘సీఎస్ఎస్’ లోపలే వెతుకుతుంది, సర్వర్ 404 (ఫైలు దొరకలేదు) అని బదులిస్తుంది.

ఊహించి మార్పులు చేసే ముందు బ్రౌజర్‌లోనే ఉండే డెవలపర్ టూల్స్‌లోని నెట్‌వర్క్ ట్యాబ్ తెరవండి, దయచేసి ఈ అడుగు మాత్రం దాటవేయకండి. బ్రౌజర్ అడిగిన పూర్తి చిరునామా అక్కడ కనిపిస్తుంది. చిరునామా సరిగానే ఉండి 404 వస్తే ఫైలు పేరులో పెద్ద, చిన్న అక్షరాల తేడా చూడండి. విండోస్‌లో పనిచేసినది లైనక్స్ సర్వర్‌లో ఆగిపోయేది తరచుగా ఇందుకే. బొమ్మ 200తో (సరిగా అందిందనే బదులుతో) వచ్చినా కనిపించకపోతే దారిలో లోపం లేదు, పేజీలో ఆ బ్యాక్‌గ్రౌండ్ పెట్టిన డబ్బాకు ఎత్తు ఉందో లేదో చూడాలి.