దవావోలో లెక్క అడిగిన మనిషి

దవావో పేరు మన తెలుగు ఇళ్లకు కొత్తేమీ కాదు. ఎంబీబీఎస్ కోసం పిల్లల్ని ఫిలిప్పీన్స్ పంపినవాళ్లు మన సంఘంలోనూ ఉన్నారు. "చాలా సేఫ్ సిటీ అండీ, అక్కడి మేయర్ అంత స్ట్రిక్ట్" అన్న మాట వాళ్లలో చాలామంది విన్నదే. ఆ మేయర్ రోడ్రిగో డ్యుటెర్టే. 2016లో ఆయన దేశాధ్యక్షుడయ్యాక మన వాట్సాప్ గ్రూపుల్లో కూడా అభిమానులు పుట్టుకొచ్చారు. ఇలాంటోడు ఒక్కడుంటే మన దేశం కూడా దారిలో పడుతుందని.

ఆ సేఫ్టీ ఎక్కడి నుంచి వచ్చిందో పదవిలో ఉండి, ఆయన ఊరికే వెళ్లి అడిగినావిడ లైలా డి లిమా. మహిళా దినోత్సవం సభల్లో ఏటా అవే నాలుగు పేర్లు వినీ వినీ విసుగొచ్చింది, అందుకే ఈసారి ఆవిడ గురించి రాస్తున్నాను.

బికోల్ ప్రాంతంలోని ఇరిగా ఆవిడ సొంతూరు. 1985 బార్ పరీక్షలో దేశంలో ఎనిమిదో ర్యాంకు. చాలాకాలం ఎన్నికల కేసులు వాదించారు. 2008లో మానవ హక్కుల కమిషన్ అధ్యక్షురాలయ్యారు. మరుసటి ఏడాది కమిషన్‌ను దవావో తీసుకెళ్లి బహిరంగ విచారణ పెట్టారు. చిన్న దొంగలు, మత్తుమందు అమ్ముతారని పేరుపడ్డ కుర్రాళ్లు నడిరోడ్డు మీద వరసగా హత్యకు గురవుతున్నారు. బైక్ మీద వచ్చి కాల్చిపోతారు, కేసు తేలదు. దీని వెనక ఒక ముఠా ఉందని ఊరంతా చెప్పుకునేది. ఆ విచారణలో మేయర్‌ను కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగారు. అస్థికల కోసం ఒక క్వారీలో తవ్వించారు. కేసు ముందుకు సాగలేదు గానీ, మేయర్‌గారు మాత్రం ఆ సంగతి మరిచిపోలేదు.

తర్వాత ఆవిడ న్యాయశాఖ మంత్రి. ఇక్కడ నాకు ఆవిడతో ఒక పేచీ ఉంది. 2011లో మాజీ అధ్యక్షురాలు గ్లోరియా అరోయో విదేశం వెళ్లొచ్చని సుప్రీంకోర్టు చెప్పినా, డి లిమా ఆమెను ఎయిర్‌పోర్టులోనే ఆపేయించారు. కోర్టు మాట మనకు నచ్చనప్పుడు కూడా వినాలి కదా! ఆవిడను దేవతను చేయడం నా ఉద్దేశం కాదు. 2014 డిసెంబర్‌లో మనీలా దగ్గరి బిలిబిడ్ జైలు మీద చేయించిన దాడి మాత్రం మెచ్చుకోవాల్సిందే. డ్రగ్స్ కేసుల్లో శిక్షపడ్డ పెద్ద తలకాయలు ఏసీ గదులు, జకూజీలు కట్టుకుని లోపలి నుంచే వ్యాపారం నడుపుతున్నారని బయటపడింది.

2016లో ఆవిడ సెనేటర్‌గా గెలిచారు. అదే ఎన్నికల్లో డ్యుటెర్టే అధ్యక్షుడై డ్రగ్స్ మీద యుద్ధం మొదలుపెట్టారు. రోజూ శవాలు లేస్తున్నాయి, జనం చప్పట్లు కొడుతున్నారు. కొత్త సెనేటర్ ఎవరైనా ఆ సమయంలో నోరు మూసుకుని ఉంటారు. ఆవిడ ఆగస్టులోనే ఆ హత్యల మీద సెనేట్ న్యాయ కమిటీ విచారణ మొదలుపెట్టారు. సెప్టెంబర్ 15న ఎడ్గర్ మటోబాటో అనే మనిషి వచ్చి, తాను దవావో ముఠాలో పనిచేశానని, మేయర్ చెబితేనే చంపామని సాక్ష్యమిచ్చాడు. నాలుగు రోజులకే తోటి సెనేటర్లు ఆవిడను కమిటీ అధ్యక్ష స్థానం నుంచి దించేశారు.

ఆ తర్వాత జరిగింది రాయడానికే రోతగా ఉంది. మాజీ డ్రైవర్‌తో ఆవిడకున్న సంబంధాన్ని దేశాధ్యక్షుడే మైకుల్లో చెప్పాడు. ఆవిడదని చెబుతున్న వీడియోను పార్లమెంటులోనే ప్రదర్శిస్తామన్నారు దిగువ సభ పెద్దలు. అప్పుడు ఫిలిప్పీన్స్ ఆడవాళ్లు చేసిన పని నాకు భలే నచ్చింది. 'ఆ వీడియోలో ఉన్నది నేనే, వచ్చి సాక్ష్యం చెబుతాను' అని ఒకరి తర్వాత ఒకరు ఆన్‌లైన్‌లో రాశారు.

2017 ఫిబ్రవరి 24న అరెస్టు. బిలిబిడ్ ఖైదీల నుంచి డ్రగ్స్ డబ్బు తీసుకుని ఎన్నికల్లో పోటీ చేశారన్నది ఆరోపణ. బెయిలు రాని సెక్షన్. సాక్షుల్లో ఆ జైలు ఖైదీలే ఎక్కువ. శిక్ష అనుభవిస్తున్నవాడు సర్కారుకు నచ్చే మాట చెబితే వాడికి పోయేదేముంది?

క్యాంప్ క్రేమ్‌లోని పోలీసు నిర్బంధంలో ఆవిడకు ఫోన్ లేదు, ఇంటర్నెట్ లేదు. ప్రకటనలన్నీ చేత్తో కాగితాల మీద రాసి బయటికి పంపేవారు. బిల్లులూ అక్కడి నుంచే. వాటిలో పేద కుటుంబాలకు నగదు సాయాన్ని చట్టబద్ధం చేసేది 2019లో చట్టమైంది కూడా. సెనేట్‌లో ఓటు వేయనివ్వలేదు. ఆవరణలో తిరిగే పిల్లులకు తిండి పెట్టేవారు. 2022 అక్టోబర్‌లో పారిపోబోయిన ముగ్గురు ఖైదీల్లో ఒకడు ఆవిడ గదిలోకి చొరబడి, కాళ్లూ చేతులూ కట్టి, కళ్లకు గంతలు కట్టి, ఛాతీకి పదునైన ఆయుధం ఆనించాడు. పోలీసులు వాణ్ని కాల్చేస్తేనే బతికారు.

ఆ ఏడాదే ముఖ్య సాక్షులు మాట మార్చారు. మమ్మల్ని బెదిరించి చెప్పించారన్నారు. మొదటి కేసు 2021లోనే పోయింది, రెండోది 2023 మేలో. అదే ఏడాది నవంబర్‌లో బెయిలు, 2024 జూన్‌లో మూడో కేసూ కొట్టేశారు. ఆరేళ్ల ఎనిమిది నెలలు దాటి లోపల ఉంచి, చివరికి ఏమీ లేదన్నారు.

"డ్రగ్స్‌తో పిల్లలు పాడైపోతుంటే చూస్తూ ఊరుకోవాలా?" అని అడిగేవాళ్లున్నారు. ఊరుకోమని ఆవిడా అనలేదు, బిలిబిడ్ మీద దాడి చేయించింది ఆవిడే. పోలీసు అధికారిక లెక్క ప్రకారమే డ్యుటెర్టే డ్రగ్స్ యుద్ధంలో 6,000 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎంతమంది నేరస్థులో ఇప్పుడెవరు తేలుస్తారు?

ఇది మనకు దూరపు సంగతి కాదు. 2019 డిసెంబర్‌లో చటాన్‌పల్లి దగ్గర దిశ కేసు నిందితులు నలుగురిని పోలీసులు కాల్చేసినప్పుడు మనవాళ్లు పూలు చల్లారు, స్వీట్లు పంచారు. ఇక్కడున్న మనమూ వాటిని ఉత్సాహంగా ఫార్వర్డ్ చేశాం. చంపాలనే కాల్చారని, నలుగురిలో ముగ్గురు మైనర్లని సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో తేల్చింది. ఆ నివేదికను ఎంతమంది ఫార్వర్డ్ చేశారు? ఆ రోజు మన అసెంబ్లీలో ఒక్కరైనా లేచి డి లిమాలా అడిగి ఉంటే, మనమే ముందు రాళ్లేసేవాళ్లం.

2025 మార్చిలో డ్యుటెర్టేను అరెస్టు చేసి హేగ్‌లోని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టుకు పంపారు. ఆయనకు లాయర్లున్నారు, జడ్జీలు వాదన వింటున్నారు, అలాగే జరగాలి. మేలో ఎన్నికలొచ్చాయి. డి లిమా తన పార్టీ తరఫున పార్టీ జాబితా పద్ధతిలో (అభ్యర్థికి కాక పార్టీకే ఓటేస్తారు) వచ్చిన ఒకే ఒక్క సీటుతో దిగువ సభకు వెళ్లారు. డ్యుటెర్టే హేగ్ జైల్లో ఉండే దవావో మేయర్‌గా గెలిచారు, అదీ భారీ మెజారిటీతో.