అప్పా సర్టిఫికెట్ ఎంగమ్మా?

మొన్న చెన్నై శివార్లలో ఒక ఆర్డీవో ఆఫీసు బయట, వేపచెట్టు కింద, కొడుకు ఎస్టీ సర్టిఫికెట్ కోసం వచ్చిన ఒక నరిక్కురవర్ ఆవిడ పూసల దండలు గుచ్చుకుంటూ కూర్చుంది. పక్కన ప్లస్ టూ పాసైన కొడుకు, వాడి చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఆధార్, రేషన్ కార్డు, టీసీ. కౌంటర్లో అడిగింది ఒక్కటే: "అప్పా సర్టిఫికెట్ ఎంగమ్మా?" (నాన్న సర్టిఫికెట్ ఏదమ్మా?) నాన్నకు సర్టిఫికెట్ ఉంది, కాకపోతే అందులో ఎంబీసీ (అత్యంత వెనుకబడిన తరగతి) అని రాసుంది. తండ్రి ఎంబీసీ అయితే కొడుకు ఎస్టీ ఎలా అవుతాడన్నది గుమాస్తా అనుమానం. చట్టం మారింది సార్ అని పిల్లాడు మూడుసార్లు చెప్పాడు.

వాడు చెప్పింది నిజమే. నరిక్కురవర్, కురువిక్కారన్ పేర్లను తమిళనాడు ఎస్టీ జాబితాలో చేర్చే బిల్లును పార్లమెంటు 2022 డిసెంబర్‌లో ఆమోదించింది, 2023 మొదట్లో అది చట్టమైంది. అంతకు ముందు వాళ్లు ఎంబీసీలే, కాబట్టి నాన్న కాగితంలో మరోలా ఉండే అవకాశమే లేదు. ఈ చిన్న సంగతి కౌంటర్ దాకా చేరకపోతే పార్లమెంటులో చర్చలు, ఓట్లు ఎవరి కోసం జరిగినట్టు?

తమిళంలో 'నరి' అంటే నక్క. ఆరంబాక్కం దాటి తడలో అడుగుపెడితే మనం వీళ్లనే నక్కలవాళ్లంటాం, కర్ణాటకలో హక్కిపిక్కి అంటారు, ఇంట్లో మాత్రం ఎక్కడున్నా మాట్లాడేది గుజరాతీకి దగ్గరగా ఉండే వాగ్రిబోలి. ఆంధ్ర ఎస్టీ జాబితాలోకి నక్కల, కురువికారన్ 2003లోనే ఎక్కారు. అంటే రోడ్డుకు అవతల ఉన్న చుట్టాలకు దక్కింది ఇవతలివాళ్లకు దక్కడానికి దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది. ఎరుకలవాళ్ల సంగతి మరీ తమాషా, ఆంధ్రలో వాళ్లు ఎస్టీ, కర్ణాటకలో కొరమ, కొరచ పేర్లతో ఎస్సీ, ఇక్కడ తమిళనాడులో కొరవర్లలో చాలా శాఖలు డీఎన్సీ (ఒకప్పుడు నేరస్థ తెగలన్న ముద్ర పడ్డ కులాలు). పైగా ఒక రాష్ట్రంలో ఎస్టీ అయినంత మాత్రాన ఇంకో రాష్ట్రానికి వెళ్లి ఆ రిజర్వేషన్ అడగడం కుదరదని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది, ఆ పిటిషనర్ కూడా ఆంధ్ర నుంచి వెళ్లి బొంబాయిలో మెడికల్ సీటు అడిగినవాడే. సామాన్లతో పాటు సర్టిఫికెట్ కూడా వస్తుందనుకుని కూలి పనికి చెన్నై చేరే కుటుంబాలకు ఈ విషయం పిల్లల అడ్మిషన్ రోజు దాకా తెలియదు.

పథకాలకు కొదవ లేదు. 2023 నవంబర్ 15న ప్రధాని మొదలుపెట్టిన పీఎం జన్‌మన్ కింద 75 అత్యంత వెనుకబడిన గిరిజన సమూహాల కోసం 24,104 కోట్లన్నారు, తమిళనాడులో ఆ కోవలోకి వచ్చే ఆరు తెగల్లో ఇరుళర్లు ఒకరు. 2024 అక్టోబర్‌లో 79,156 కోట్లతో గిరిజన గ్రామాల పథకం ధర్తీ ఆబా వచ్చింది. ఆ మరుసటి ఏడు ఆది కర్మయోగి పేరిట 20 లక్షల మందికి శిక్షణ ఇచ్చి ఊళ్లలో పాలన మెరుగుపరుస్తామన్నారు. అంకెలు పెద్దవే, కాదనం. కానీ జన్‌మన్ ఇల్లు కట్టాలంటే కాళ్ల కింద సొంత జాగా ఉండాలి, తిరువళ్లూరు, చెంగల్పట్టు జిల్లాల్లో ఎన్నో ఇరుళర్ గుడిసెలు చెరువు గట్టు మీద, పోరంబోకు స్థలంలో ఉన్నాయి. పట్టా లేదు కాబట్టి ఇల్లు లేదు, పట్టా అడిగితే సర్టిఫికెట్ అడుగుతారు, సర్టిఫికెట్‌కి వెళితే అడ్రస్ ప్రూఫ్ అడుగుతారు. గానుగెద్దు తిరిగినట్టు తిరగడమే.

ఆఫీసుల వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. తమిళనాడులో ఎస్టీ సర్టిఫికెట్‌ను తహశీల్దార్ ఇవ్వడానికి లేదు, 1989 నుంచి ఆర్డీవోయే ఇవ్వాలి, ఆ కట్టుదిట్టం ఊరికే రాలేదు. ఇక్కడి 69 శాతం రిజర్వేషన్లలో ఎస్టీల వాటా ఒక్క శాతం, నూటికి ఒక సీటు, అందులో ఒక దొంగ కాగితం దూరితే నిజమైన గిరిజనుడి పిల్లకు మిగిలేది సున్నా. ఇక్కడి జాబితాలో కొండరెడ్లు, కొండకాపులు కూడా ఉన్నారు (ఉమ్మడి మద్రాసు నాటి గుర్తులు), పాపికొండలు చూసి కూడా ఎరగనివాళ్లు ఆ పేర్లు చెప్పుకుని వస్తే విచారించకుండా సంతకం పెట్టమని మేమూ అనం. 1994లో మాధురీ పాటిల్ కేసులో సుప్రీంకోర్టు ఈ సర్టిఫికెట్లను పరిశీలించే స్క్రూటినీ కమిటీలు పెట్టమన్నదీ అందుకే.

కాని విచారణ అంటే మనిషి దగ్గరికి వెళ్లి చూడటం. పూసలు గుచ్చే వీధికి ఒక పూట వెళ్లి, వాళ్ల భాష విని, నలుగురు పెద్దలతో మాట్లాడితే తేలిపోయేదాన్ని నాన్న కాగితం తెమ్మని తోసేయడం విచారణ ఎలా అవుతుంది? 2021 దీపావళి రోజు ముఖ్యమంత్రి స్టాలిన్ మహాబలిపురం పక్కన పూంజేరి వెళ్లి నరిక్కురవర్, ఇరుళర్ కుటుంబాలకు పట్టాలు, సర్టిఫికెట్లు చేతికిచ్చారు, ఒక్క రోజులో అయింది. సీఎం వస్తే అయ్యే పని సీఎం రాకపోయినా అవ్వాలి, మేము అడిగేది అంతే. ఆర్డీవో ఆ వీధిలోనే టేబుల్ వేసుకుని కూర్చోవాలి, పాత ఎంబీసీ కాగితాన్ని అడ్డంకిగా కాక సాక్ష్యంగానే తీసుకోవాలి, కుదరదంటే ఎందుకు కుదరదో రాసివ్వాలి.

ప్రభుత్వం తలచుకుంటే ఎలా ఉంటుందో చెన్నై నుంచి తీరం వెంబడి వెళ్లే ఈసీఆర్ రోడ్డు మీద వడనెమ్మేలిలో చూడొచ్చు. పాము చర్మాల వ్యాపారంపై నిషేధం వచ్చి పొట్ట కొట్టినట్టయిన ఇరుళర్లకు 1978లో సహకార సంఘం పెట్టారు, ఇప్పుడు వాళ్లు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజరల విషం తీసి మళ్లీ వదిలేస్తారు, ఆ విషంతోనే పాముకాటు మందు తయారవుతుంది. ఆ ఇరుళర్లలో ఇద్దరికి, వడివేల్ గోపాల్‌కీ మాసి సడైయన్‌కీ, 2023లో పద్మశ్రీ వచ్చింది. ఉన్న విద్యను గుర్తించి, లైసెన్సిచ్చి, కూలి కట్టిచ్చారు.

వేపచెట్టు కింద ఆవిడకు మాత్రం సోమవారం రమ్మన్నారట. సోమవారమంటే కలెక్టరేట్‌లో గ్రీవెన్స్ డే, అక్కడ ఇంకో క్యూ. ఆ రోజు ఆర్డీవో ఆఫీసుకు వెళ్లాలా, కలెక్టర్ దగ్గరికి వెళ్లాలా అని ఆవిడ మమ్మల్నే అడిగింది. పిల్లాడి కౌన్సెలింగ్ బుధవారం.